చిన్న నది – కుశస్థలి

నది అనగానే మన మనసుకు గోదావరి తోస్తుంది, కృష్ణ తోస్తుంది. చూపు ఆనని నీరు, రేవులో పడవలు, పుష్కరాల జనం – తెలుగు పుస్తకాలు చదివినవారికి నది అంటే ఇదే బొమ్మ. కాని వ్యాసర్పాడిలోనో, కొరుక్కుపేటలోనో పుట్టి పెరిగిన తెలుగు పిల్లవాణ్ణి "మీ ఊరి నది ఏది?" అని అడిగితే కాసేపు తటపటాయిస్తాడు. "మా ఊళ్ళో నది లేదండీ. కాలువ ఉంది. అదీ కంపు కొడుతుంది" అంటాడు. ఆ జవాబులో సగమే నిజం.

వ్యాసర్పాడిలో ఒక పెద్ద వాన కురిసిందనుకోండి. మీ ఇంటి చూరునుంచి జారిన నీరు వీధి మురుగుకాలువలో పడుతుంది. అక్కడినుంచి కెప్టెన్ కాటన్ కాలువకు చేరుతుంది. ఆ కాలువ బకింగ్‌హాం కాలువలో కలుస్తుంది. బకింగ్‌హాం కాలువ వెంట ఉత్తరంగా నడిచిపోతే తిరువొత్తియూరు, మణలి ప్రాంతాలు దాటి ఎన్నూరు చేరతాం. అక్కడ ఒక నది సముద్రంలో కలుస్తూ ఉంటుంది. ఆ నదికి రెండు రాష్ట్రాలలో రెండు పేర్లు. తెలుగువారు కుశస్థలి అంటారు. తమిళులు కొసస్తలై ఆరు అంటారు. ఆంగ్లేయుల కాలపు దస్తావేజులలో కొర్తలయారు అని కూడా కనిపిస్తుంది. ఆ నదిలోని ఒక పాయ పుట్టింది తెలుగునాట, చిత్తూరు సీమ కొండలలో. ఇక మా ఊళ్ళో నది లేదని ఎలా అనగలం?

ముందుగా ఒక మాట ముచ్చట. తమిళంలో 'ఆరు' అంటే నది. తెలుగులో 'ఏరు' అంటే నది. ఈ రెండూ ఒకే తల్లి బిడ్డలని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. అయితే తమిళంలో 'ఏరి' అనే మాట కూడా ఉంది. దానికి అర్థం చెరువు. వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు ఈ ఏరు, ఏరి మాటల దగ్గర తికమక పడటం సహజమే. ఈ నది విషయంలో ఆ తికమక మరీ తప్పు కాదు. ఎందుకంటే కుశస్థలి కథలో సగం చెరువుల కథే.

భారతదేశపు తూర్పు తీరాన రెండు రకాల నదులు ఉన్నాయి. గోదావరి, కృష్ణ, కావేరి వంటివి పడమటి కనుమలలో పుట్టి, దేశాన్ని అడ్డంగా దాటి వస్తాయి. వాటికి నైరుతి ఋతుపవనాల వాన ఆధారం. రెండవ రకం నదులు తూర్పు కనుమలలోనో, వాటికి ఇవతలి మైదానంలోనో పుట్టి, దగ్గరలోనే సముద్రంలో కలిసిపోతాయి. స్వర్ణముఖి, కాళంగి, అరుణ, కుశస్థలి, కూవం, అడయారు – ఇవన్నీ ఆ కోవలోనివే. గోదావరి పొడవు 1465 కిలోమీటర్లు. కుశస్థలి పొడవు సుమారు 136 కిలోమీటర్లు. గోదావరి పరివాహక ప్రాంతం మూడు లక్షల చదరపు కిలోమీటర్లకు పైబడినది. కుశస్థలిది నాలుగు వేలకు కూడా చేరదు.

ఇటువంటి చిన్న తీరనదుల స్వభావం వేరు. అవి ఏడాదంతా పారవు. ఈశాన్య ఋతుపవనాల కాలంలో, అంటే అక్టోబరునుంచి డిసెంబరు వరకు, బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడితే ఒక్కసారిగా పొంగుతాయి. కొండ దగ్గర, సముద్రం దగ్గర. అందువల్ల వరద రావటానికీ పోవటానికీ ఎక్కువ రోజులు పట్టదు. మిగతా నెలల్లో చూస్తే ఇసుకమేట తప్ప నీరు కనబడదు. చెన్నైలో ఏడాదికి సుమారు 140 సెంటీమీటర్ల వాన పడితే, అందులో సగానికి మించి ఆ మూడు నెలల్లోనే పడుతుంది. ఎండినప్పుడు చూసినవాడు ఇది నది కాదంటాడు. పొంగినప్పుడు చూసినవాడు దీనికంటే పెద్ద నది లేదంటాడు. ఇద్దరూ ఒకే నదిని చూసినవారే.

కుశస్థలి పుట్టుక గురించి చెప్పాలంటే నగరి కొండల గురించి చెప్పాలి. ఈ కొండలలో ఒక శిఖరానికి ముక్కువంటి ఆకారం ఉంది. సముద్రంలో వచ్చే పాతకాలపు ఓడలవారు దాన్ని గుర్తుపెట్టుకొని తీరం ఎక్కడ ఉందో తెలుసుకొనేవారు. వారు దానికి 'నగరి ముక్కు' అనే పేరు పెట్టారు. ఓడలోనివారికి కనబడేటంత దగ్గరలో కొండ ఉందంటే, ఆ కొండ మీద పడిన వాన సముద్రానికి చేరటానికి ఎంత తక్కువ దూరం నడవాలో ఊహించుకోవచ్చు.

చిత్తూరు సీమలో కార్వేటినగరం దగ్గర కృష్ణాపురం జలాశయం ఉంది. నగరి పట్టణం ఈ నది ఒడ్డునే ఉంది. తమిళనాటికి చేరాక ఈ పాయను నగరియారు అని కూడా పిలుస్తారు. పళ్ళిపట్టు, తిరుత్తణి ప్రాంతాలు దాటి ఇది తూర్పుకు సాగుతుంది. ఈ ప్రాంతపు చరిత్ర కూడా తెలుసుకోదగినది. 1960 ఏప్రిల్ 1వ తేదీకి ముందు తిరుత్తణి, పళ్ళిపట్టు ఆంధ్రప్రదేశ్‌లోని చిత్తూరు జిల్లాలో ఉండేవి. రెండు రాష్ట్రాల మధ్య సరిహద్దులు సవరించినప్పుడు అవి మద్రాసు రాష్ట్రంలో చేరాయి. సత్యవేడు వంటి ప్రాంతాలు ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. ఊళ్ళు అటూ ఇటూ మారాయి గాని ఊళ్ళలోని మనుషులు మారలేదు. పళ్ళిపట్టు వైపు ఇప్పటికీ తెలుగు మాట వినబడుతుంది. నది కూడా ఆ సరిహద్దును పట్టించుకోలేదు. కాని సరిహద్దు వల్ల ఒక చిక్కు వచ్చింది. కృష్ణాపురం జలాశయం నిండి గేట్లు ఎత్తితే, ఆ నీరు కొన్ని గంటలలో పళ్ళిపట్టు చేరుతుంది. గేట్లు ఎత్తేది ఒక రాష్ట్రం. మునిగే తక్కువ వంతెనలు ఇంకొక రాష్ట్రంవి. అందుచేత ఒక జిల్లా అధికారులు ఇంకొక రాష్ట్రపు జిల్లా అధికారులకు ముందుగా కబురు పంపాలి. వానాకాలంలో ఆ కబురు సమయానికి అందటం మీద ఎందరి ప్రాణాలో ఆధారపడి ఉంటాయి.

ఇది ఉత్తరపు పాయ. దక్షిణాన ఇంకొక పాయ ఉంది. కావేరిపాక్కం చెరువు చాలా పెద్దది. అది నిండితే మిగులు నీరు ఒక పాయగా బయలుదేరి కేశవరం ఆనకట్టకు వస్తుంది. ఈ ఆనకట్ట దగ్గర నీటికి రెండు దారులు ఉన్నాయి. ఒక దారి కూవం. అదే చెన్నై నగరం నడిబొడ్డునుంచి పారి నేపియర్ వంతెన కింద సముద్రంలో కలుస్తుంది. ఇంకొక దారి ఉత్తరానికి తిరిగి పూండి వైపు పోతుంది. చెన్నైవారికి కూవం తెలుసు. దాని అక్క కుశస్థలి అని తెలిసినవారు తక్కువ.

ఈ పాయలు కలిసే చోట పూండి జలాశయం ఉంది. దీని నిర్మాణం వెనుక ఒక మనిషి పట్టుదల ఉంది. ఎస్. సత్యమూర్తి 1939లో మద్రాసు నగర మేయరు అయ్యారు. ఆనాడు నగరం నీటికి కటకటలాడుతూ ఉండేది. యుద్ధం ముంచుకొస్తున్న రోజులు కావటంతో ప్రభుత్వం దగ్గర డబ్బు రాబట్టటం మామూలు విషయం కాదు. అయినా ఆయన వెంటబడి పూండి పథకానికి అనుమతి సంపాదించారు. 1940లో పని మొదలైంది, 1944లో పూర్తయింది. పని పూర్తయ్యేనాటికి సత్యమూర్తి లేరు. 1943లోనే కన్నుమూశారు. జలాశయానికి ఆయన పేరు పెట్టి సత్యమూర్తి సాగరం అన్నారు. దీనిలో 3231 మిలియన్ ఘనపుటడుగుల నీరు నిలుస్తుంది. నీటి లెక్కల్లో వేయి మిలియన్ ఘనపుటడుగులను ఒక టి.ఎం.సి. అంటారు. ఒక టి.ఎం.సి. అంటే సుమారు 2830 కోట్ల లీటర్లు. ఆ లెక్కన పూండిలో పట్టేది మూడు టి.ఎం.సి.లకు కొంచెం ఎక్కువ.

నగరం పెరిగింది. పూండి చాలలేదు. అప్పుడు ఎక్కడో మహాబలేశ్వరంలో పుట్టిన కృష్ణానది మీద కన్ను పడింది. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలు తలా ఐదు టి.ఎం.సి.ల కృష్ణాజలాలను మద్రాసు దాహం తీర్చటానికి వదులుకొనేందుకు ఒప్పుకున్నాయి. 1983లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. ఆనాడు అక్కడ ఎన్.టి. రామారావు, ఇక్కడ ఎం.జి. రామచంద్రన్ ముఖ్యమంత్రులు. దానికి తెలుగుగంగ అని పేరు పెట్టారు. శ్రీశైలం దగ్గర బయలుదేరిన నీరు వెలుగోడు, సోమశిల, కండలేరు జలాశయాలను దాటుతుంది. కండలేరునుంచి 152 కిలోమీటర్లు కాలువలో నడిచి ఊత్తుకోట దగ్గర తమిళనాట అడుగుపెడుతుంది. అక్కడికి ఇంకొక 25 కిలోమీటర్ల దూరంలో పూండి. దారిలో ఆవిరై పోయేది పోగా ఏడాదికి 12 టి.ఎం.సి.లు సరిహద్దుకు చేరాలని లెక్క. 1996 సెప్టెంబరులో మొదటిసారి కృష్ణ నీరు పూండిలో పడింది. లెక్క ప్రకారం నీరు రాని సంవత్సరాలు చాలా ఉన్నాయి. ఎగువన వాన లేకపోతే కాలువ ఎంత పొడవు తవ్వినా ఏం లాభం? అయినా, వచ్చిన ఏడాది పూండినుంచి పుళల్ చెరువు మీదుగా ఉత్తర చెన్నై కుళాయిలకు చేరే నీటిలో కృష్ణ, కుశస్థలి రెండూ కలిసి ఉంటాయి.

పూండికి దగ్గరలోనే అత్తిరంపాక్కం అనే చిన్న ఊరు ఉంది. మ్యాపులో వెతికితేగాని కనబడదు. కాని ప్రపంచంలో ఆదిమానవుల గురించి పరిశోధించే పండితులందరికీ ఆ పేరు తెలుసు. 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, విలియం కింగ్ అనే భూగర్భశాస్త్రజ్ఞులు అక్కడ ఆదిమానవులు చెక్కిన రాతి పనిముట్లను కనుగొన్నారు. చేతిలో ఇమిడే గొడ్డలి వంటి రాళ్ళు అవి. ఆ తరువాత శాంతి పప్పు నాయకత్వంలో పురావస్తు శాస్త్రజ్ఞులు అక్కడ ఏళ్ళ తరబడి తవ్వకాలు జరిపారు. అడుగు పొరలలోని పనిముట్లు సుమారు 15 లక్షల సంవత్సరాల నాటివని 2011లో ప్రకటించారు. అంటే మన భాషలు పుట్టకముందు, మన జాతి మనిషి కూడా పుట్టకముందు, ఎవరో ఈ ఏటి ఒడ్డున కూర్చొని రాయి చెక్కారన్నమాట. వారు ఇక్కడే ఎందుకు కూర్చున్నారు? కొండలనుంచి నది దొర్లించి తెచ్చిన గట్టి గులకరాళ్ళు దొరికేవి, తాగటానికి నీరు దొరికేది. ఇప్పుడు పూండిలో ఈ పనిముట్లను చూపే చిన్న ప్రదర్శనశాల ఉంది. బడివారు పూండికి విహారయాత్ర తీసుకుపోతే డ్యాము చూసి తిరిగి వచ్చేయకుండా అక్కడికి కూడా వెళ్ళండి.

పూండి దాటిన నది తామరపాక్కం ఆనకట్టకు వస్తుంది. మద్రాసు నగరానికి ఒక పద్ధతి ప్రకారం నీరు అందించటం 1872లో మొదలైంది. అంతకుముందు బావులే గతి. తామరపాక్కం దగ్గర నది నీటిని మళ్ళించి చోళవరం చెరువుకు, అక్కడినుంచి పుళల్ చెరువుకు, అక్కడినుంచి కీల్పాక్కానికి తెచ్చారు. పుళల్‌నే మనవాళ్ళు రెడ్‌హిల్స్ అంటారు. ఇలా ఒక చెరువునుంచి ఇంకొక చెరువుకు నీటిని చేతులు మార్చుకుంటూ తేవటం ఈ సీమలో పాత పద్ధతే. ఆంగ్లేయ ఇంజనీరు దాన్ని నగరానికి వాడుకున్నాడు, అంతే.

కళ్ళకు కనబడే నది ఇది. కనబడని నది ఇంకొకటి ఉంది. అరుణానదికీ కుశస్థలికీ మధ్య, తామరపాక్కం, పంజెట్టి, మీంజూరు వైపు నేల అడుగున దట్టమైన ఇసుక పొరలు ఉన్నాయి. వేల సంవత్సరాలలో ఈ నదులు దారులు మార్చుకుంటూ వదిలిపోయిన పాత పడకలు అవి. ఆ ఇసుక స్పంజివలె నీటిని దాచుకుంటుంది. 1966–69 ప్రాంతంలో ఐక్యరాజ్యసమితి సాయంతో ఇక్కడి భూగర్భజలాలను పరిశీలించారు. ఆ తరువాత లోతైన బోర్లు వేసి నగరానికీ కర్మాగారాలకూ నీరు తోడటం మొదలుపెట్టారు. రైతులూ తోడారు. నది ప్రతి ఏటా నింపేదానికంటే మనుషులు తోడేది ఎక్కువైంది.

అప్పుడు ఏమవుతుందో తెలుసుకోవటానికి ఒక చిన్న లెక్క చాలు. సముద్రపు నీరు మంచినీటికంటే కొంచెం బరువైనది. తీరప్రాంతంలో నేల అడుగున ఈ రెండూ ఎదురెదురుగా నిలబడి ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ ఉంటాయి. బావులలో మంచినీటి మట్టం సముద్రమట్టం కంటే ఒక మీటరు ఎత్తున ఉంటే, ఆ బరువు సముద్రమట్టానికి కింద సుమారు 40 మీటర్ల లోతువరకు ఉప్పునీటిని రానివ్వకుండా ఆపుతుంది. మట్టం ఒక మీటరు పడిపోతే, అడుగున 40 మీటర్ల మేర ఉప్పునీరు పైకి రావటానికి దారి దొరికినట్లే. మీంజూరులో అదే జరిగింది. 1969లోనే ఉప్పునీరు లోపలికి వస్తున్నట్లు గుర్తించారు. 1983 నాటికి అది తీరంనుంచి సుమారు తొమ్మిది కిలోమీటర్ల దూరం చొచ్చుకొని వచ్చింది. ఒకనాడు కొబ్బరినీళ్ళవలె ఉండే బావి నీరు నోట పెట్టుకోరాకుండా పోయింది. చివరకు అదే ప్రాంతంలో, కాట్టుపళ్ళి దగ్గర, సముద్రపు నీటిలోని ఉప్పు తీసి మంచినీరు చేసే కర్మాగారాన్ని 2010లో ప్రారంభించారు. రోజుకు పదికోట్ల లీటర్లు దాని శక్తి. ఉచితంగా ఉన్న మంచినీటిని ఉప్పు చేసుకొని, ఆ ఉప్పును డబ్బు పెట్టి తీయించుకోవటం – మనిషి తెలివిలో ఇదొక విచిత్రం.

వల్లూరు ఆనకట్ట దాటితే నది సముద్రపు వాసన పట్టుకుంటుంది. ఇక్కడ నేల బల్లపరుపు. నీటికి పరుగెత్తటానికి వాలు ఉండదు. పూండినుంచి పెద్దయెత్తున నీరు వదిలినప్పుడు అది ఇక్కడ విశాలంగా పరుచుకుంటుంది. 2021 నవంబరులో మణలి పుదునగర్ వీధులలో పడవలు తిరిగింది ఈ నది నీటిలోనే. నది తన పాత చోటుకు వచ్చింది. ఆ చోట మనం ఇళ్ళు కట్టుకున్నాం. పేదవారికి నగరంలో దొరికేది ఎప్పుడూ పల్లపు నేలే కదా.

తరువాత ఎన్నూరు కయ్య. నది, సముద్రం కలిసే చోట ఉండే ఉప్పుటేరును, దాని చుట్టూ ఉన్న బురదనేలను, మడ అడవులను కలిపి ఇక్కడ చెప్పుకుంటున్నాం. సముద్రం రోజుకు రెండుసార్లు పోటెత్తి లోపలికి వస్తుంది, రెండుసార్లు వెనక్కి పోతుంది. ఈ తీరంలో పోటుకూ పాటుకూ నీటిమట్టంలో తేడా ఒక మీటరుకు అటూ ఇటూ మాత్రమే. ఆ కొద్దిపాటి రాకపోకలే కయ్యకు ఊపిరి. ఉప్పూ తీపీ కలిసిన ఆ నీటిలో రొయ్య పిల్లలు పెరుగుతాయి. పీతలు, ఆల్చిప్పలు, రకరకాల చేపలు ఉంటాయి. ఒడ్డున కాట్టుకుప్పం, ముగత్తువారకుప్పం వంటి జాలరి పల్లెలు ఉన్నాయి. తమిళంలో ముగత్తువారం అంటే నది నోరు, అంటే ముఖద్వారం. ఊరి పేరులోనే ఊరి భూగోళం ఉంది. వలలు లేకుండా, నడుములోతు నీటిలో చేతులతో తడిమి రొయ్యలు పట్టే ఇరుళ గిరిజనులు కూడా ఈ నీటినే నమ్ముకున్నారు.

ముఖద్వారం తెరుచుకొని ఉండటం ఎంత అవసరమో వీరికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఈ తీరం వెంట అలలు ఇసుకను ఏడాది మొత్తం మీద దక్షిణంనుంచి ఉత్తరానికి మోస్తూ ఉంటాయి. పంతొమ్మిదవ శతాబ్ది చివరలో మద్రాసు ఓడరేవుకు రాతి గోడలు కట్టినప్పుడు ఆ ఇసుక గోడకు దక్షిణాన ఆగిపోయింది. మెరీనాలో మీరు ఆడుకొనే వెడల్పైన ఇసుక తిన్నె అలా పెరిగినదే. ఉత్తరాన రాయపురం, తిరువొత్తియూరు తీరాలకు ఇసుక అందక సముద్రం వాటిని కోసింది. ఒకచోట కట్టిన గోడ ఇంకొకచోట ఇల్లు కూల్చటం అంటే ఇదే. నది ముఖద్వారంలో మాత్రం వరద లేని నెలల్లో ఇసుక అడ్డంగా మేట వేస్తుంది. పైనుంచి నీరు గట్టిగా వస్తే ఆ మేటను కోసి పారేస్తుంది. పైన ఆనకట్టలు నీటిని ఆపేస్తే కోసేవారు ఎవరు? అందుచేత మేటను యంత్రాలతో తవ్వవలసి వస్తుంది.

కయ్య ఒడ్డున బొగ్గుతో విద్యుత్తు తయారుచేసే కేంద్రాలు వచ్చాయి. ఎన్నూరులోని మొదటి కేంద్రం 1970ల తొలినాళ్ళనుంచి 2017 వరకు పనిచేసింది. 1990లలో ఉత్తర చెన్నై కేంద్రం వచ్చింది. 2001లో ఓడరేవు కూడా ప్రారంభమైంది. నగరానికి దీపాలు కావాలి, కాదనలేం. కాని బొగ్గు కాలితే బూడిద మిగులుతుంది. ఆ బూడిదను నీటితో కలిపి గొట్టాల ద్వారా దూరానికి పంపుతారు. గొట్టం కారినచోటల్లా బూడిద కయ్యలో పడి అడుగున పేరుకుంది. పడవ తేలవలసిన చోట మోకాలిలోతు బురద మిగిలింది. తరువాత 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వచ్చినప్పుడు మణలి పారిశ్రామిక ప్రాంతంనుంచి చమురు వరదనీటితో కలిసి బకింగ్‌హాం కాలువలో పడి కయ్యలోకి వచ్చింది. పడవలు, వలలు, మడచెట్ల వేళ్ళు నల్లబడ్డాయి. గూడబాతుల రెక్కలకు చమురు అంటుకుంది. జాలరులు చిన్న పడవలలో కూర్చొని బకెట్లతో, చెంబులతో ఆ చమురును తోడారు.

ఈ బురదనేలకు లెక్కల పుస్తకాలలో ఒక పేరు ఉంది – పోరంబోకు. తెలుగులోనూ తమిళంలోనూ ఈ మాట తిట్టుగా మారిపోయింది. పనికిమాలినవాణ్ణి పోరంబోకు అంటారు. అసలు అర్థం అది కాదు. 'పుఱం' అంటే బయట. పన్ను లెక్కకు బయట ఉంచిన భూమి పోరంబోకు. చెరువు, ఏరు, మేత బీడు, శ్మశానం – ఇవి ఒకరి సొత్తు కాదు కాబట్టి, అందరివీ కాబట్టి, వీటికి పన్ను లేదు. అందరిదీ అన్న మాట ఎప్పుడు ఎవరిదీ కాదు అన్న మాటగా మారిందో, అప్పుడే ఆ నేలకు చేటు వచ్చింది. 2017లో గాయకుడు టి.ఎం. కృష్ణ ఈ కయ్య ఒడ్డునే నిలబడి, ఈ మాటమీదే ఒక పాట పాడారు.

ఎన్నూరునుంచి మళ్ళీ వ్యాసర్పాడికి వద్దాం. వచ్చే దారి బకింగ్‌హాం కాలువే. దీని మొదటి భాగాన్ని 1806లో మద్రాసునుంచి ఎన్నూరువరకు తవ్వారు. తరువాత అది ఉత్తరాన పులికాట్ సరస్సును, అంటే మన ప్రళయకావేరిని, దాటి ప్రకాశం సీమలోని పెదగంజాంవరకు పెరిగింది. దక్షిణాన మరక్కాణంవరకు పోయింది. మొత్తం సుమారు 420 కిలోమీటర్లు. 1876–78 నాటి పెద్ద కరువులో కూలి దొరకని జనానికి పని కల్పించటానికి అడయారు, కూవం నదుల మధ్య భాగం తవ్వించారు. ఆనాటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు కాలువకు వచ్చింది. పెదగంజాం దగ్గర ఇది కృష్ణా డెల్టా కాలువలతో కలుస్తుంది. అందువల్ల తెలుగు జిల్లాల ధాన్యం, శ్రీహరికోట వంటచెరకు, తీరంలోని ఉప్పు పడవలమీద మద్రాసుకు వచ్చేవి. వ్యాసర్పాడి పక్కన పడవలు నిలిచే మడుగు ఉండేది. దాన్ని ఆంగ్లంలో బేసిన్ అన్నారు. బేసిన్ బ్రిడ్జి స్టేషనుకు ఆ పేరు అలా వచ్చింది. దగ్గరలోని సాల్ట్ కొటార్స్ పేరులో కూడా మన మాట దాగి ఉంది. కొటారు అంటే తెలుగులో సరుకు నిలువచేసే గిడ్డంగి. ఉప్పు కొటార్లన్నమాట. రైలులో వచ్చినవారు, రోడ్డున వచ్చినవారు, ఈ కాలువలో పడవమీద వచ్చినవారు – ఉత్తర మద్రాసులోని తెలుగు కుటుంబాల పెద్దలు రకరకాల దారులలో వచ్చారు. మీ తాతగారినో అమ్మమ్మగారినో అడిగి చూడండి, వారి పెద్దలు ఏ దారిన వచ్చారో.

ఇప్పుడు ఆ కాలువలో సరుకు పడవలు లేవు. రైళ్ళు, లారీలు వచ్చాక అవి తగ్గిపోయాయి. తుఫానులు గట్లను దెబ్బతీశాయి. మురుగు చేరింది. అయినా దాని రెండవ పని ఇంకా ఉంది. ఉత్తర చెన్నై వాననీటికి అదే పెద్ద దారి. ఈ దారి చివర ఎన్నూరు కయ్య ఉంది. తుఫాను సమయంలో సముద్రం పైకి లేచి ఉంటుంది. కుశస్థలి కూడా అదే రోజున పొంగి కయ్యను నింపుతుంది. కయ్య లోతు తగ్గి ఉంటే, ముఖద్వారం ఇరుకుగా ఉంటే, కాలువ నీటికి అక్కడ చోటు దొరకదు. అది పోలేక నిలబడుతుంది. దాని వెనుక కెప్టెన్ కాటన్ కాలువ నిలబడుతుంది. దాని వెనుక మన వీధి కాలువ నిలబడుతుంది. రైలుపట్టాల కింద ఉన్న గణేశపురం సబ్‌వే ఎన్నో ఏళ్ళుగా వానాకాలంలో మునుగుతూ వచ్చిన విషయం వ్యాసర్పాడివారికి వేరే చెప్పనవసరం లేదు. బడికి సెలవు ఇచ్చి ఇంట్లో కూర్చోబెట్టిన ఆ రోజున, మెట్టు మీద నిలబడి నీరు ఎంత ఎక్కిందో చూస్తారు కదా. ఆ సమయంలో ఎన్నూరులో ముగత్తువారకుప్పం జాలరి కూడా తన ఒడ్డున నిలబడి, పోటు ఎప్పుడు వెనక్కి తీస్తుందా అని సముద్రంవైపు చూస్తూ ఉంటాడు.